ఇంకా పెన్సిల్‌లోనే ఉన్న ఇల్లు

ఏప్రిల్ 7

క్లెమ్ మళ్ళీ పెన్సిల్ పట్టుకున్నాడు.

పొద్దున నేను వంటగదిలోకి వచ్చేసరికి బల్ల మీది రొట్టె ముక్కలు పక్కకి నెట్టేసి, పెద్ద కాగితం పరిచి, నాలుగు మూలలా జామ్ సీసా, ఉప్పు డబ్బా, రెండు టీ కప్పులు బరువు పెట్టుకుని కూర్చున్నాడు. నా భర్త రోరీ పోయిన దగ్గర్నుంచి మా మామగారి చేతిలో టీవీ రిమోట్ తప్ప మరో వస్తువు నేను చూడలేదు. ఈ లోయలో సగం ఇళ్ళు కట్టిన మనిషి. కొడుకు పడవ తిరిగిరాని ఆ చలికాలం నుంచి గోడకి ఒక మేకు కూడా కొట్టలేదు.

"ఏం చేస్తున్నావు క్లెమ్?"

"కనబడట్లా? ఇల్లు."

"ఎవరికి?"

"ప్రధానమంత్రికి. మనకే అమ్మాయ్! పై గట్టు మీద. ఈ కొంపలో ఇంకో చలికాలం గడిపితే మార్నీ ఊపిరితిత్తులు ఏమవుతాయో ఆ హోబార్ట్ ఆస్పత్రి డాక్టరమ్మ చెప్తే నువ్వు విన్లేదా?"

విన్నాను. పోయిన చలికాలం, ఆగస్టంతా నా కూతురి మంచం పక్కన కూర్చుని వింటూనే ఉన్నాను.

కాగితం మీదికి వంగి చూశాను. గట్టు మీద పొడవాటి ఇల్లు. దక్షిణం వైపు నేల నుంచి కప్పు దాకా ఒకటే అద్దం. అటు చూస్తే అఖాతం మొత్తం కనిపిస్తుంది.

"ఎలా ఉంది?"

"బాగుంది" అన్నాను.

"నీ కంప్యూటరు పెట్టెలో వేసి చూస్తావా మరి?"

"చూస్తాను. ఈ వారం కాస్త పనెక్కువ."

ఏప్రిల్ 9

బళ్ళో 'మీ అమ్మానాన్నలు ఏం చేస్తారు' అని రాయమంటే మార్నీ ఇలా రాసిందట: 'మా అమ్మ ఇంకా కట్టని ఇళ్ళకి జ్వరం చూస్తుంది.' టీచరు అర్థంకాక నాకు ఫోన్ చేసింది. నాకైతే ఇంతకన్నా బాగా చెప్పడం చేతకాదు. ప్లాను కాగితం మీద ఉండగానే ఆ ఇల్లు చలికాలంలో ఎంత వణుకుతుందో, వేసవిలో ఎంత ఉడుకుతుందో, దాన్ని వెచ్చగా ఉంచడానికి ఎంత కరెంటు, ఎన్ని కట్టెలు కావాలో లెక్క కట్టి పదికి ఇన్ని స్టార్లు అని చెప్పడం నా పని. ఆరు రాకపోతే ప్లానుకి అనుమతి రాదు, కౌన్సిల్ గడప దాటదు.

చాలామంది చివర్లో వస్తారు, అంతా అయిపోయాక, ముద్ర వెయ్యమని. చచ్చాక జ్వరం చూడమన్నట్టు. హెండ్రికా మాత్రం ఇవాళ మొదట్లోనే వచ్చింది. ఆపిల్ తోట అమ్ముకుని చిన్న ఇల్లు కట్టుకుంటున్న ముసలామె. ఒక ప్లాను గీయించుకుని, పట్టుకుని నేరుగా నా దగ్గరికే.

చూడగానే అన్నాను, "హెండ్రికా, ఇది ఇల్లు కాదు, ఐస్ పెట్టె."

"నోరు మంచిది నీది!"

"భూగోళం అడుగున ఉన్న మనకి సూర్యుడు ఏ వైపు నడుస్తాడు? ఉత్తరాన. మీ ఇల్లు సూర్యుడికి వీపు పెట్టి దక్షిణాన నీళ్ళని చూస్తూ కూర్చుంది. చలికాలంలో ఒక్క కిరణం లోపలికి రాదు. ఈ అద్దాల్లోంచి మీ పొయ్యి వెచ్చదనం మాత్రం బయటికి పోతుంది. మీరు అఖాతాన్ని వెచ్చబెడుతుంటారు."

"ఇప్పుడేం చెయ్యమంటావు?"

"తిప్పెయ్యండి. ఇప్పుడైతే రబ్బరు చాలు. గోడలు లేచాక అయితే సుత్తి కావాలి."

ఆమె కాసేపు మొహం ముడుచుకుని కూర్చుంది. తరవాత కాగితాన్ని బల్ల మీదే టీ కెటిల్ తిప్పినట్టు తిప్పి, "ఇలాగా?" అంది. మధ్యాహ్నమంతా ఇద్దరం దానితోనే ఆడుకున్నాం. ఎంత బాగా గడిచిందో.

క్లెమ్ ప్లాను పెట్టెలో వెయ్యలేదు. టైము చాల్లేదు.

ఏప్రిల్ 12

వెయ్యలేదు. గాలికి కరెంటు పోయింది.

ఏప్రిల్ 15

వెయ్యలేదు. కరెంటు ఉంది.

ఏప్రిల్ 20

క్లెమ్ గెడ్డం గీసుకున్నాడు. గీస్తూ గీస్తూ పాడుతున్నాడు కూడా. ఆ పాటకి రాగం లేదు, ఎప్పుడూ ఉండేది కాదు. రోరీ చెవులు మూసుకునేవాడు. ఇవాళ నేను తలుపు దగ్గర నిలబడి మొత్తం విన్నాను.

భోజనం దగ్గర అద్దం గురించి చెప్పాడు. మార్నీకి గుమ్మడి సూపు పోస్తూ, గరిటె గాల్లో ఆపి, "ఇక్కడ కూర్చుంటే పడవ రేవు నుంచి అఖాతం మూతి దాకా మొత్తం కనబడుతుంది. మధ్యలో ఒక్క చెట్టు అడ్డం లేదు. వాడు వెళ్ళే దారి మొత్తం" అన్నాడు.

మార్నీ "తాతా, సూపు కారుతోంది" అంది.

నేను చాలా బాగుందన్నాను. అన్నాను కదా, ఇప్పుడు రెండుసార్లు.

నాకేం ఇబ్బంది లేదు. ఆ నీళ్ళు అందంగానే ఉంటాయి. వచ్చినవాళ్ళంతా అంటారు.

వంటగది కిటికీకి మందపాటి పరదా కుట్టి తగిలించాను. చలి బాగా కొడుతోంది అటు నుంచి.

ఏప్రిల్ 23

పెట్టెలో వెయ్యక్కర్లేదు నాకు. ఇంత అనుభవం వచ్చాక కళ్ళతోనే తెలుస్తుంది. తెలుస్తుంది కాబట్టి తొందరేముంది?

ఏప్రిల్ 28

మార్నీకి దగ్గు మొదలైంది. ఇంకా చలి సరిగ్గా రానే లేదు.

దాని గది మూలల్లో బూజు మళ్ళీ నల్లగా లేచింది. గోడలు తుడిచి, పరుపు పొయ్యి దగ్గరికి లాగి ఆరబెట్టాను. ఈ ఇల్లు క్లెమ్ తన పెళ్ళికి స్వయంగా కట్టుకున్నది. పలకల సందుల్లోంచి గాలి ఈల వేస్తుంది. 'చలేస్తే ఇంకో స్వెటరు వేసుకో' అనేది మా అత్తగారట, ఆ రోజుల్లో అందరూ అనేదే. మార్నీ ఇప్పుడు మూడు వేసుకుని, అందులోంచి తాబేలులా తల బయటపెట్టి, "అమ్మా, కొత్తింట్లో నా గది ఎటు?" అని అడిగింది.

క్లెమ్ కాగితంలో దాని గది దక్షిణం మూల. తాత దానికి కూడా నీళ్ళు కనిపించేలా పెట్టాడు.

"ఇంకా అనుకోలేదు" అన్నాను.

"తాత అనుకున్నాడుగా?"

"దగ్గు మందు తాగావా?"

మే 3

ఇవాళ జరిగింది మొత్తం రాయాలి.

మధ్యాహ్నం నేను పని బల్ల దగ్గరుండగా క్లెమ్ బేకరీ నుంచి వచ్చాడు. చేతిలో పొట్లం. అందులోంచి ముత్యపు చిప్పల మాంసం కూరి కాల్చిన 'పై' వాసన. దాన్ని నా ముందు పడేశాడు, పెట్టలేదు. టోపీ కూడా తియ్యలేదు.

"హెండ్రికా కలిసింది."

"బాగుందా?"

"ఆవిడకేం, దివ్యంగా ఉంది. నీ కోడలు గట్టి మనిషి క్లెమ్, అంది. నా ఇల్లు ఐస్ పెట్టె అని మొహం మీదే చెప్పింది, టీ కెటిల్‌లా తిప్పి పడేసింది, ఆ అమ్మాయి చెప్పకపోతే ముసలితనంలో గడ్డకట్టి చచ్చేదాన్ని అంది. బేకరీలో అందరూ విన్నారు. నేనూ గొప్పగా విన్నాను, మా కోడలు మరి! తర్వాత అడిగాను, ముందు మీ ఇల్లు ఎటు చూసేదమ్మా అని. ఎటు?"

నేను పొట్లం పక్కకి జరిపాను.

"ఎటు థియా?"

"నీళ్ళ వైపు."

"మన ఇల్లు ఎటు చూస్తోంది?"

"నీళ్ళ వైపు."

"నాకెందుకు చెప్పలేదు మరి?"

"పని—"

"నీ పని నెత్తిన బండ పడ! ఊళ్ళో వాళ్ళకి మందు, నాకు చక్కెర నీళ్ళా? నేనేమన్నా మంచం పట్టానా? రెండేళ్ళ నుంచి నన్ను చూడగానే జనం గొంతు తగ్గిస్తారు. చర్చి ఫాదరు తగ్గిస్తాడు. బ్యాంకులో పిల్ల తగ్గిస్తుంది. పక్కింటి కుక్క కూడా మెల్లిగా మొరుగుతోంది. ఒక్క నువ్వే నాతో మామూలుగా మాట్లాడతావనుకున్నా."

నాకు ఏడుపొచ్చింది. ఆయనకి కోపం ఇంకా పెరిగింది.

"ఏడవకు. వెయ్యి. ఇప్పుడే."

"'పై' చల్లారిపోతుంది క్లెమ్, తిన్నాక—"

"చల్లారనీ. నీ లెక్కలో అది కూడా వేసుకో."

పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గది గదిగా ఎక్కించాను. నేను అడుగుతున్నాను, ఆయన చెప్తున్నాడు. గోడలో చలి ఆపే దూది ఎంత మందం? కప్పు మీద? నేల చెక్కా, కాంక్రీటా? ఎన్నో ఏళ్ళుగా ముక్కూ మొహం తెలియని వాళ్ళని అడిగిన ప్రశ్నలే. చివరికి పెద్ద అద్దం దగ్గరికి వచ్చాం.

"ఎటు వైపు?"

"దక్షిణం."

"వెడల్పు?"

"గోడంత."

పెట్టె కాసేపు ఆలోచించింది. రెండున్నర.

క్లెమ్ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు.

"పదికా?"

"పదికి."

"ఇప్పుడు మనం ఉన్న ఈ కొంపకి ఎంతొస్తుంది?"

"ఒకటిన్నర రావచ్చు."

"అంటే ఇన్నేళ్ళ మేస్త్రీగిరీలో ఒక స్టారు నేర్చుకున్నానన్నమాట" అన్నాడు.

నవ్వుతాడేమో అని చూశాను. లేచి, కాగితం చుట్టి, దానికి రబ్బరు బ్యాండు వేసి బీరువా మీద పెట్టాడు. 'పై' ఎవరూ తినలేదు. మార్నీ బడి నుంచి వచ్చి తింది.

మే 6

క్లెమ్ మాట్లాడుతున్నాడు. 'ఉప్పు అందుకో', 'కట్టెలు తెచ్చాను'. అంతే.

మే 9

గెడ్డం పెరిగింది.

మే 11

రిమోట్.

మే 12

నేను భయపడింది ఇదే. ఇందుకే వెయ్యలేదు. ఎవరికైనా చెప్తే అర్థం చేసుకుంటారు. ఒక మనిషి చేతిలోంచి పెన్సిల్ లాక్కోవడం ఎవరికిష్టం? నేను చేసింది తప్పేం కాదు, ఆయన కోసమే కదా ఇన్నాళ్ళూ ఆగాను.

ఆయన కోసమే.

ఇందాక వంటగదిలో గిన్నెలు కడుగుతూ ఎందుకో పరదా పక్కకి లాగబోయాను. చెయ్యి పోలేదు. బయట చలి లేదు, ఎండ కాస్తోంది.

మే 14

చెప్పేశాను.

క్లెమ్ షెడ్డులో పాత చేపల పెట్టె బోర్లించి దాని మీద కూర్చుని ఉన్నాడు. పనేం చెయ్యట్లేదు. భోజనానికి పిలవడానికే వెళ్ళాను. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఆ అద్దం నాకొద్దు."

"తెలుసు. రెండున్నర."

"స్టార్ల గురించి కాదు. పదికి పది వచ్చినా నాకొద్దు. నేను ఆ నీళ్ళకేసి చూడలేను క్లెమ్. వంటగదిలో పరదా చలికని వేశాననుకున్నావా?"

"అలాగే అనుకున్నా."

"నేనూ అలాగే అనుకున్నా."

ఆయన తలెత్తి చూశాడు. నేను ఇంకో పెట్టె బోర్లించి ఎదురుగా కూర్చున్నాను. రోరీ గురించి మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని ఒక్కసారీ మాట్లాడుకోలేదు. వంటలు చేశాం, బిల్లులు కట్టాం, మార్నీని ఆస్పత్రిలో పెట్టాం, తీసుకొచ్చాం.

"నువ్వు బాగుందన్నావుగా" అన్నాడు.

"నువ్వు గెడ్డం గీసుకుంటూ పాడుతున్నావప్పుడు."

షెడ్డు రేకుల మీద ఏదో పక్షి టకటకా నడుస్తోంది.

"నాకేమో చూడకపోతే ఊపిరాడదు" అన్నాడు. "వెతికినవాళ్ళు వాణ్ణి నీళ్ళలోంచి పైకి తేలేదు కదా. మీ అత్తకైతే సమాధి ఉంది, వెళ్ళి నాలుగు పూలు పెట్టి వస్తాను. వీడికి ఎక్కడ పెట్టను? ఎటో ఒక వైపు చూడాలి కదమ్మా నేను."

అప్పుడు ఇద్దరం ఏడ్చాం. ఆయన ఏడుపుకి కూడా రాగం లేదు.

ముక్కు తుడుచుకున్నాక నేనే అడిగాను, "రోజంతా చూడాలా?"

"ఏం?"

"ఆ అద్దం ముందు రోజంతా కూర్చుంటావా అని."

ఆలోచించాడు. నిజంగానే, ఇల్లు కట్టేవాడు ఆలోచించినట్టు ఆలోచించాడు. "లేదు. టీ తాగేటప్పుడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి."

"అయితే గోడంత అద్దం ఎందుకు? ఒక కుర్చీకి సరిపడా కిటికీ చాలుగా. నీ గదిలో. తలుపు వేసుకుంటే నాకు కనబడదు."

"కుర్చీకి సరిపడా కిటికీ పెడితే ఎంత చలొస్తుంది?"

"లెక్క వేద్దాం."

"రెండు పొరల అద్దం పెడితే?"

"వేద్దాం క్లెమ్."

లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "రబ్బరు ఎక్కడ పెట్టావు? మార్నీ నా రబ్బరు మళ్ళీ కొరికేసి ఉంటుంది."

మే 17

ఇల్లు తిరిగింది. ముందు గదులన్నీ ఉత్తరానికి, ఎండకి ఎదురుగా. స్నానాల గది, బట్టలుతికే గది, సామాన్ల గది దక్షిణం వైపు వరసగా. చలిగాలికి అవి దుప్పటిలా అడ్డం. మధ్యలో క్లెమ్ గది, దానికి చిన్న కిటికీ. మార్నీ గది ఈశాన్యం మూల. బడికి లేచే వేళకి ఎండ దాని దుప్పటి మీద పడాలి.

నాలుగూ ముప్పావు స్టార్లు. ఆ కొంచెం తిప్పితేనే! ఒక్క ఇటుక కొనకుండా!

మే 19

క్లెమ్‌కి పట్టు దొరికింది. ఇక వదలడు.

హోబార్ట్‌లో మీటింగులో ఉంటే ఫోన్. "చూరు ఇంకో జానెడు లోపలికి లాగితే?"

"మీటింగులో ఉన్నాను క్లెమ్."

"ఉండు. చలికాలం సూర్యుడు కిందికి ఉంటాడు, చూరు కిందనుంచి లోపలికి దూరతాడు. వేసవిలో నెత్తిమీదుంటాడు, చూరు ఆపేస్తుంది. అంతేగా?"

"అంతే."

"ఇంత తేలిక విషయానికా నువ్వు డిగ్రీ చదివింది?"

ఫోన్ పెట్టేశాడు. మీటింగులో అందరూ నన్నే చూస్తున్నారు. నేను నవ్వుతున్నానట.

మే 24

పెద్ద గొడవ. వంటగది కప్పు ఎత్తు గురించి. నేను తగ్గించమన్నాను, వెచ్చటి గాలంతా పైకెక్కి కూర్చుంటుందని. ఆయన ఒప్పుకోడు.

"నేను గుడిసెలో పుట్టాను, గుడిసెలో చావను!"

"గుడిసె అనలేదు. ఒక మూర తగ్గించమన్నాను."

"నీ పెట్టెకి మెడ ఉందా? తల ఎత్తి చూసే సుఖం దానికేం తెలుసు?"

నిజమే. నా పెట్టెకి ఆ గడి లేదు. ఎత్తు అలాగే ఉంచి, ఆ వెచ్చదనాన్ని ఇంకెక్కడ దాచాలో వెతికాం. నేల చెక్కకి బదులు కాంక్రీటు పోద్దామన్నాడు ఆయనే. పగలు ఎండ తాగి, సాయంత్రానికి మెల్లిగా వదులుతుంది. ఆరు దాటింది. ఇద్దరం బింకంగా కూర్చున్నాం, ఎవరు గెలిచారో తెలియక.

జూన్ 2

చిలిపి ముసలాయన. కిటికీల సందుల్లో గాలి దూరకుండా ఏం చెయ్యాలో పాఠం చెప్తున్నాడు నాకు. నేను ఆయనకి చెప్పిన పాఠమే.

మార్నీ దగ్గు తగ్గలేదు, పెరగనూలేదు. ఈ చలికాలం ఈ ఇంట్లోనే గడవాలి. పొయ్యి గదిలోనే ముగ్గురం పడుకుంటున్నాం. క్లెమ్ గురక లెక్కలో వెయ్యలేదు.

జూన్ 10

ఏడుంబావు.

క్లెమ్ ఆ అంకె కేసి చూసి, "చాలు. ఇక ఆపు. ఎనిమిది కోసం పోతే మార్నీ పెళ్ళికి పునాది పడుతుంది" అన్నాడు. కాగితం కౌన్సిల్‌కి రేపు వెళుతుంది.

ఆయన గదిలో కిటికీ ఉంది కదా, దానివల్ల కాస్త తగ్గింది. తీసేస్తే ఎంతొస్తుందో నేను వేసి చూడలేదు. ఈసారి భయపడి కాదు. అక్కర్లేక.

జూన్ 16

వంటగది పరదా ఇవాళ కొంచెం తీశాను. మళ్ళీ వేసేశాను. కొంచెం తీశాను, అంతే.

జూన్ 21

ఇక్కడ ఏడాదిలోకల్లా పొట్టి పగలు ఇవాళ. పొద్దున గడ్డంతా తెల్లగా మంచు. క్లెమ్ ఎప్పుడు లేచాడో తెలీదు. నేనూ మార్నీ గట్టు మీదికి వెళ్ళేసరికి మేకులు పాతి, తాడు లాగి ఇల్లు మొత్తం నేల మీద పరిచేశాడు. గదులు, నడవా, తలుపులు, అన్నీ తాడుతోనే. ఉత్తరం వైపు మాత్రం చూరు ఎత్తున గుంజలు నాటి ఒక అడ్డకర్ర కట్టాడు.

"సూర్యుడు ఇంతకన్నా కిందికి దిగడు. ఇవాళ ఎక్కడి దాకా వస్తే, ఇంట్లోకి అక్కడి దాకా వచ్చినట్టే. పెట్టె చెప్పింది సరే, నేను కళ్ళతో చూడాలి" అన్నాడు.

నేను దగ్గరి దారిన వెళదామని తాడు దాటి అడుగు పెట్టాను.

"అమ్మాయ్! గోడలోంచి నడుస్తావేంటి? తలుపు అక్కడుంది!"

చుట్టూ తిరిగి తలుపులోంచి వచ్చాను. మార్నీ తలుపు దగ్గర కాళ్ళు కూడా తుడుచుకుంది. వంటగదిలో గోనె పరిచి ముగ్గురం కూర్చున్నాం. ఫ్లాస్కులో టీ, ఓట్స్ బిస్కట్లు. గాలి లేదు. మధ్యాహ్నం ఎండ ఏటవాలుగా వచ్చి మా మోకాళ్ళ మీద పడింది, చూరు అడ్డకర్ర నీడ వెనక తాడు దాకా వెళ్ళింది. క్లెమ్ లేచి అడుగులతో కొలిచాడు. మళ్ళీ ఆ రాగం లేని పాట అందుకున్నాడు.

తర్వాత కప్పు పట్టుకుని నడవాలోంచి తన గదిలోకి వెళ్ళాడు. మా వైపు వీపు పెట్టి, లేని కిటికీ ముందు నిలబడి టీ తాగాడు. నేను అటే చూస్తున్నాను. ఆయన భుజం మీదుగా నీళ్ళు కొంచెం కనిపించాయి. నేను కళ్ళు తిప్పుకోవడం మర్చిపోయాను. పోనీలే, కొంచెమే కదా.

ఇటు తిరిగేసరికి మార్నీ నిలబడి స్వెటర్ విప్పుతోంది. ఒకటి, దాని కింద ఇంకొకటి.

"ఏంటే, చలేస్తుంది!"

"వెయ్యట్లేదు" అంది. వాటిని చేతి మీద వేసుకుని గోడ దగ్గరికి వెళ్ళి, కొక్కేనికి తగిలించబోయింది. గోడ లేదు, కొక్కెమూ లేదు. తనకే నవ్వొచ్చి మా ఇద్దరి వైపూ చూసింది.

క్లెమ్ వెనక్కి వచ్చి, జేబులోంచి ఒక మేకు తీసి, మార్నీ కాళ్ళ దగ్గర నేలలో గుచ్చి, సుత్తితో ఒక్క దెబ్బ కొట్టాడు.

"కొక్కెం ఇక్కడే" అన్నాడు.